చెవి అందితే ఒకటో తరగతి

మా తరం పల్లెటూరి పిల్లల్లో చాలామంది జూన్ 1నో, జూలై 1నో పుట్టారు. తల్లులంతా కూడబలుక్కుని కన్నారనుకోకండి. బడి తెరిచే రోజుల్లో మాస్టారి కలానికి దగ్గర్లో ఉన్న తేదీలవి. "ఎప్పుడు పుట్టాడమ్మా?" అంటే మా నాయనమ్మ, "దివిసీమ ఉప్పెనొచ్చిన ఏడు, నాట్లప్పుడు" అంది. రిజిస్టర్లో నాట్లకు గడి లేదు.

మాస్టారు ఆవిణ్ని వదిలేసి నా మీద పడ్డారు. "కుడి చెయ్యి నెత్తిమీదుగా పోనిచ్చి ఎడం చెవి పట్టుకోరా." వేలికొస చెవి అంచుకు తగిలింది. ఒకటో తరగతి ఖాయం. పక్కింటివాడు మెడ వంచాడు, నాలుక కరుచుకున్నాడు, చివరికి ఎగిరి కూడా చూశాడు. చెయ్యి నడినెత్తి దాటలేదు. మరుసటేడు రమ్మన్నారు.

నవ్వుకుంటాం గానీ అందులో శాస్త్రం లేకపోలేదు. పుట్టినప్పుడు బిడ్డ పొడవులో పావు వంతు తలే. ఐదారేళ్లకల్లా తల ఎదగాల్సినంతలో చాలామటుకు ఎదిగేస్తుంది. చేతులు అప్పటికింకా ఊపుమీదుంటాయి. చేతి ఎముక మధ్యలో సాగదు. కొసల దగ్గర మృదులాస్థి పలకలుంటాయి. వాటిలో కణాలు అట్ల దొంతరలా పేరుకుంటుంటే, ఒక పక్కనుంచి సున్నం పట్టి ఎముకగా మారుతుంటుంది. మాస్టారు చెవి వంకతో చూసింది ఆ పలకల పనితనాన్నే.

ఇప్పుడు ఆ ఉద్యోగం మణికట్టు ఎక్స్‌రేది. అక్కడ ఎనిమిది బుల్లి ఎముకలుంటాయి. పురిటిబిడ్డకు తీస్తే మామూలుగా ఒక్కటీ కనబడదు, అంతా మృదులాస్థే. తొలి నెలల్లో రెండు తొంగిచూస్తాయి. బఠాణీ గింజంత ఉండే చివరిది ఇంచుమించు పదేళ్లొస్తే గానీ తెమలదు. అండర్-16 కుర్రాళ్ల వయసు తేల్చడానికి బీసీసీఐ, అండర్-17 ఫుట్‌బాల్లో ఫిఫా ఆ మణికట్టునే సాక్ష్యానికి పిలుస్తాయి. లెక్క ఏడాదో రెండేళ్లో అటూఇటూ కావచ్చు. అయినా ఎముక సిఫారసు ఉత్తరాలు చదవదు.

పుట్టినప్పుడు ఇంచుమించు 300 ఉన్న ఎముకలు పెద్దయ్యాక 206 అవుతాయి. ఎక్కడా పారేసుకోలేదు, అతుక్కుపోయాయంతే. నడుం కింద ఐదు కలిసి ఒకటయ్యాయి. ఊళ్లో అన్నదమ్ములు గోడలు కట్టుకుంటుంటే లోపల వీటి సఖ్యత ఇదీ! అందరికన్నా బద్ధకస్తురాలు కాలర్ బోన్. ఓటు హక్కొచ్చినా, మగవాడికి పెళ్లీడు వచ్చినా దాని గుండెవైపు కొస అతుక్కోదు, పాతికేళ్ల దాకా నానుస్తుంది.

మాస్టారు నాకో ఏడాది తగ్గించి రాశారు, సర్వీసు కలిసొస్తుందని. ఆంధ్రలో రిటైర్మెంటు 62కి, తెలంగాణలో 61కి. మోకాళ్లకు ఈ జీవోలు అందినట్టు లేవు, నాయనమ్మ చెప్పిన లెక్కే పట్టుకున్నాయి.

అయితే ఒక ఊరట దొరికింది. పాత ఎముకను తవ్వే కణాలు కొన్ని, ఆ గుంటల్లో కొత్తది పోసే కణాలు కొన్ని పగలూరాత్రీ పనిచేస్తూనే ఉంటాయట. అలా ఏటా పదో వంతు అస్థిపంజరం కొత్తదవుతుంది. ఆ లెక్కన నా ఎముకల్లో చాలావాటికి పట్టుమని పదేళ్లుండవు! మాస్టారు ఒక్క ఏడాదితో సరిపెట్టి పీనాసితనం చేశారన్నమాట.

ఈ మాట మా ఆవిడతో అన్నాను.

"అలాగా! అయితే అటకెక్కి ఆ గంగాళం దించండి" అంది.