డైరెక్టు మేస్త్రి

బెజవాడ ఆటోనగర్‌లో ఏ వీధిలో ఆగినా ఆయన కనిపిస్తాడు. చెవి మీద టెస్టరు, పళ్ల మధ్య వైరు ముక్క, ముంజేతికి నల్ల టేపు చుట్ట. బోర్డు మీద ‘లారీ వైరింగు వర్క్స్’ అని ఉంటుంది కానీ డ్రైవర్లందరికీ ఆయన డైరెక్టు మేస్త్రి.

“బ్రేకు తొక్కితే వెనక లైటు వెలగట్లేదు మేస్త్రీ” అంటాడు ఆరు చక్రాల పాత లారీ డ్రైవరు. మామూలు మనిషైతే ముందు బల్బు విప్పి చూస్తాడు. మన మేస్త్రికి అది నామోషీ. బల్బులు చూడటానికి క్లీనర్లున్నారు.

“ముందెవడు చూశాడీ బండి?” ఆయన మొదటి పరీక్ష ఇదే. ఎవరి పేరు చెప్పినా ఒకటే నిట్టూర్పు. “అదీ సంగతి! వాడు చెయ్యి పెట్టాక నా దగ్గరికి రాక చస్తుందా?”

అప్పుడు బండి కిందికి దూరతాడు. గాలి బ్రేకుల పాత లారీల్లో లైటు స్విచ్చి ఫుట్ వాల్వు మీదో, దాన్నుంచి వెళ్లే పైపు మీదో ఉంటుంది. తొక్కగానే గాలి ఒత్తిడికి లోపలి పాయింట్లు కలిసి, వెనక 21 వాట్ల బల్బులు వెలుగుతాయి. అందులో చెడిపోవడానికి ఉన్నది తక్కువే. గాలితో వచ్చిన తేమకి పాయింట్లు పాడవుతాయి, లేదంటే వైరు ఊడుతుంది. స్విచ్చి రెండు వైర్లూ పీకి ఒకదానికొకటి తాకిస్తే తేలిపోతుంది: లైటు వెలిగితే స్విచ్చి పోయినట్టు, లేదంటే ఫ్యూజూ బల్బూ ఎర్తూ చూసుకోవాలి.

మేస్త్రీ సరిగ్గా అదే చేస్తాడు. లైటు వెలుగుతుంది. ఇంకొకడైతే పరీక్ష అయిందనుకుంటాడు, ఈయన వైద్యమే అయిపోయిందనుకుంటాడు. తాకించిన వైర్లని అలాగే మెలేసి టేపు చుట్టేస్తాడు. “డైరెక్టు ఇచ్చేశా. ఇంక జన్మలో వెలగలేదన్న మాట రాదు.”

నిజమే, రాదు. ఇప్పుడు తొక్కినా తొక్కకపోయినా వెలుగుతూనే ఉంటుంది. వెనకొచ్చే బస్సువాడికి ఈ లారీ గుంటూరు దాకా ఆగుతూనే ఉన్నట్టు లెక్క. డ్రైవరు తిరిగొచ్చి గొడవ పెడితే దానికీ మందుంది. “డాష్‌బోర్డు కింద బటన్ పెడతా, తొక్కినప్పుడల్లా నొక్కు.” ఫిట్‌నెస్ రోజున బ్రేక్ ఇన్‌స్పెక్టరు ‘తొక్కు’ అన్నప్పుడు కాలూ చెయ్యీ తాళం తప్పకపోతే గట్టెక్కినట్టే. టన్నుల కొద్దీ బరువు మీద ఈ కచేరీ ఏమిటని అడిగేవాడు అక్కడ ఉండడు.

అలాగని తీసిపారేయదగ్గ మనిషి కాడు. బ్రేకు తొక్కితే ఇండికేటరు గుడ్డిగా వెలిగే బండిని చూసి, వైరింగంతా మార్చాలని లెక్కలు రాసిచ్చినవాళ్లున్నారు. మేస్త్రి పది అడుగుల దూరం నుంచే “ఒరేయ్ చిన్నోడా, ఎర్తు బోల్టు విప్పి ఉప్పు కాగితం కొట్టు” అంటాడు. టెయిల్ లైటుకి ఎర్తు అందకపోతే కరెంటు పక్క ఫిలమెంట్లలోంచి దారి వెతుక్కుంటుందని ఆయనకి ఏ బళ్లోనూ చెప్పలేదు. బోల్టు మెరిసేలా గీకితే జబ్బు మాయం. దానికి టీ డబ్బులే తీసుకుంటాడు. డైరెక్టుకి మాత్రం ఐదొందలు!

ఆయనకి కొరుకుడుపడనివి 2017 తర్వాతి బీఎస్ 4 బండ్లు. అవీ ఇప్పుడు పాతబడి ఆటోనగర్ చేరుతున్నాయి. వాటిలో కొన్నింటి పెడల్ స్విచ్చిలో రెండు జతల పాయింట్లుంటాయి. ఒకటి కలిస్తే రెండోది విడిపోవాలి. రెండూ పొసగని మాట చెబితే ఈసీయూ అనే ఇంజను కంప్యూటరు నమ్మదు, పీ 0504 లాంటి కోడు రాసిపెట్టుకుని డాష్‌బోర్డులో లైటు వెలిగిస్తుంది. బ్రేకు నొక్కే ఉందని నమ్మితే కొన్ని బండ్లలో డీజిలు కూడా తగ్గించేస్తుంది. మేస్త్రి అలవాటు చొప్పున వైర్లు కలిపేశాడు.

“ఎక్సలేటరు అదిమినా బండి లాగట్లేదు మేస్త్రీ!”

మేస్త్రి టేపు కొసని గోరుతో వెతుక్కుంటూ లేచాడు.

“ఆ కంప్యూటరు పెట్టె ఎక్కడుందో చూపించు బాబాయ్. దాన్ని కూడా డైరెక్టు చేసేద్దాం.”