తడవని సింకు

కొత్త వంటింటికి సింకును షోరూములో ఎంచుతారు. అక్కడ కుళాయిలో నీళ్ళు రావు, తొట్టిలో అంట్లు ఉండవు, పైన లైట్లు మాత్రం ధగధగా వెలుగుతుంటాయి. సింకు మంచిచెడ్డలన్నీ తడిసినప్పుడే బయటపడతాయి గనక, ఎంపిక ఇలా పొడిపొడిగా ముగియడం అమ్మేవారికి సౌకర్యం. కొనేవారికీ ఇబ్బంది లేదు. ఎంచేది సాధారణంగా అంట్లు తోమని చెయ్యే. తోమే మనిషిని షోరూముకు తీసుకెళ్ళే ఆచారం ఇంకా పుట్టలేదు.

మొదటి ఘట్టం అయస్కాంత పరీక్ష. అమ్మకందారు జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి సింకుకు ఆనిస్తాడు. అది అంటుకోదు. "చూశారా సార్, అసలైన 304!" 304 రకం స్టీలులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. తుప్పును ఆపేది ముఖ్యంగా క్రోమియం, ధర పెంచేది నికెల్. ఆ నికెల్‌ను బాగా తగ్గించి మాంగనీసుతో సరిపెట్టిన చవక రకం 202. అయస్కాంతం దానికీ అంటుకోదు. పైగా నిఖార్సయిన 304 రేకును అచ్చులో నొక్కి తొట్టిగా మలిచినప్పుడు మూలల్లో కాస్త అయస్కాంత గుణం పుట్టుకొస్తుంది. అంటే ఈ పరీక్షలో చవకది పాసై, అసలుది తప్పే వీలుంది. ఫలితం ఏదైనా బిల్లు మాత్రం 304కే.

తర్వాత గేజి. 16 గేజి రేకు మందం సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు, 18 గేజి 1.2, 20 గేజి ఒక మిల్లీమీటరుకూ తక్కువే. అంకె పెరిగేకొద్దీ రేకు పలచనవుతుందన్నమాట. ఫోను నుంచి ఫ్లాటు దాకా పెద్ద అంకె చూసి కొనడానికి అలవాటుపడ్డవారికి ఈ లెక్క ఎక్కదు. ఎక్కేది గృహప్రవేశం తర్వాత, ఖాళీ కుక్కరు చేయిజారి తొట్టిలో పడి పక్క ఫ్లాటుదాకా మోగిన రోజున.

లోతు విషయంలోనూ ఎంత లోతైతే అంత గొప్ప. ఐదడుగుల మనిషికి మోచెయ్యి సుమారు 38 అంగుళాల ఎత్తులో ఉంటుంది. గట్టు 34 అనుకుంటే, పదంగుళాల తొట్టి అడుగు నేలకు 24 అంగుళాల్లో తేలుతుంది. మధ్యలో మిగిలిన తేడాను నడుము సర్దుబాటు చేస్తుంది.

ఇక నల్ల సింకు. దీన్ని గ్రానైటు సింకు అంటారు. ఇది కొండ తొలిచి తీసిన రాయి కాదు, క్వార్ట్జ్ పొడిని యాక్రిలిక్ జిగురుతో కలిపి పోతపోసింది. బోరు నీళ్ళ ఉప్పు నలుపు మీద ముగ్గు పిండిలా తేలుతుంది. దానికి జతగా జలపాతం కుళాయి, నీటి వేడి చూపే తెర. మే నెలలో విజయవాడలో మేడమీద ట్యాంకు నీళ్ళు మరుగుతున్నాయన్న సంగతి చెయ్యి కాలకముందే అంకెల్లో చదువుకోవచ్చు.

ఇంత పరిశోధనలోనూ రాని ప్రశ్న ఒకటుంది: కడిగిన గిన్నెలు ఎక్కడ బోర్లిస్తారు? తెలుగు వంటింట్లో అన్నం వార్చాలి, కుడితి వంపాలి, గిన్నెలు బోర్లించాలి. ఈ క్రియలేవీ కేటలాగులో ఉండవు. పెరట్లో బావి పక్కన చప్టా కట్టిన మేస్త్రికి ఇవన్నీ తెలుసు. చప్టాకు చుట్టూ అంచు, ఒక పక్కకు వాలు, చివర తూము, తూము కింద అరటి మొక్కలు. ఇదే ఏర్పాటును స్టీలులో చేసిన సింకు కూడా బజారులో ఉంది: 37 అంగుళాల పొడవు, 18 వెడల్పు, సగం తొట్టి, సగం తొట్టివైపు వాలిన గాళ్ళ పలక. అది షోరూములో వెనక వరసలో, గోడకు ఆనించి ఉంటుంది. గట్టు అందం చెడగొడుతుందట. అందుకని 24 అంగుళాల ఉత్త తొట్టిని గ్రానైటు కింద బిగిస్తారు.

ఆ గ్రానైటును, చీమకుర్తి గెలాక్సీ రాయే అనుకోండి, మేస్త్రి రసమట్టం పెట్టి వెంట్రుకవాసి తేడా లేకుండా పరుస్తాడు. అందరూ మెచ్చుకుంటారు. నీళ్ళు మాత్రం ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడతాయి. అడుగుకు రెండు మూడు మిల్లీమీటర్ల వాలు, తొట్టివైపు నాలుగు గాళ్ళు, బండ అంచు అడుగున నీటిచుక్క తెగిపడేందుకు ఒక గాడి చాలు. రాయి కోసే యంత్రానికి పూటపని. అవి లేకపోతే నీళ్ళు అంచు దిగి అడుగునున్న ప్లైవుడ్డును పలకరిస్తాయి, ప్లైవుడ్డు పొంగిపోతుంది. మూడో వారానికి గట్టు మీద ప్లాస్టిక్ టబ్బు, దాని కింద పాత తువ్వాలు వెలుస్తాయి. లక్షలు పోసిన వంటింట్లో అసలైన బోర్లింపు పలక ఆ తువ్వాలే.

వాస్తు సంగతి క్లుప్తం. పొయ్యి ఆగ్నేయంలో, నీళ్ళు ఈశాన్యంలో ఉండాలంటారు. అపార్టుమెంటులో మురుగు గొట్టం దిగే చోటు బిల్డరు ఎప్పుడో నిర్ణయించేశాడు. సింకు ఈశాన్యానికి జరుగుతుంది, గొట్టం జరగదు. మధ్య ఆరడుగులు అరమరల వెనక వాలు లేకుండా సాగిన పైపులో శాస్త్రమూ, సాంబారు ముక్కలూ కలిసి నిలవ ఉంటాయి.

చివరికి ఇడ్లీ పాత్ర, అండా, మూకుడు ఆ తొట్టిలో పట్టవు, పట్టినా గీతలు పడతాయని దించనివ్వరు. అవి వెనక బాల్కనీకి వెళతాయి. అక్కడ ప్లంబరు ఎవరూ అడక్కుండానే రెండడుగుల చదరానికి అంచు కట్టి, వాలు పెట్టి, జాలీ బిగించి ఉంటాడు. పనిమనిషి పీట వేసుకుని అక్కడే తోమి, గ్రిల్లు వారన ఎండలో బోర్లిస్తుంది. లోపల సింకులో రెండు టీ కప్పులుంటాయి, కుళాయి మెడకు షోరూము స్టిక్కరు ఇంకా అంటుకునే ఉంటుంది.