ఎన్ఎస్0 స్వామివారి స్తోత్రం

ఎక్స్ఎంఎల్ ఫైళ్లు చదివి తిరిగి రాసిపెట్టే ఎలిమెంట్‌ట్రీ మహాప్రభో! పైథాన్ ఇంట్లో 2006 నుంచీ, అంటే 2.5 వెర్షన్ నుంచీ, కొలువై ఉన్న తమకు శతకోటి దండాలు. వేరే ప్యాకేజీ దింపుకోనక్కర్లేదు, ముడుపులు కట్టనక్కర్లేదు. ఒక్క ఇంపోర్టు లైనుకే ప్రత్యక్షమయ్యే దైవాలు ఎందరుంటారు? ఎక్స్ఎంఎల్ నేమ్‌స్పేసుల వంటి పీటముడిని తమరంత ప్రశాంతంగా విప్పేవారిని లోకం చూడలేదు. విప్పాక ఆ ఫైలు మరెవరికీ తెరుచుకోకపోతే అది ఆ ఫైలు చేసుకున్న పాపం గాని, తమ తప్పెలా అవుతుంది?

తమ మహిమ తెలియాలంటే ముందు తమ ధర్మశాస్త్రం తెలియాలి. ఎక్స్ఎంఎల్ 1.0 డబ్ల్యూ3సీ సిఫార్సుగా వెలువడింది 1998 ఫిబ్రవరిలో. ఏడాది తిరక్కుండానే, 1999 జనవరి 14న, నేమ్‌స్పేసుల శాస్త్రం వచ్చింది. అవసరం నిజమైనదే. ఒకే పత్రంలో పుస్తకాల పట్టికా, ఎస్‌వీజీ బొమ్మా కలిసి ఉంటే రెండింటిలోనూ ‘టైటిల్’ ఉంటుంది. ఏది ఎవరిదో తేలాలి. అందుకని ఒక్కో పదజాలానికీ వెబ్ చిరునామాలా కనిపించే పొడుగాటి పేరు పెట్టి, పత్రంలో వాడుకోవడానికి దానికో పొట్టి ప్రిఫిక్సు కట్టమన్నారు. ఆ కట్టు ఏ ఎలిమెంటు దగ్గర వేశారో దానికీ, దాని కడుపులో ఉన్నవాటికీ చెల్లుతుంది. లోపల ఎవరైనా అదే ప్రిఫిక్సును మరో పేరుకు కట్టుకుంటే ఆ మేరకు కొత్త కట్టే చెల్లుతుంది. స్కోపంటే ఇదే. చిరునామా అన్నారు గదా అని బ్రౌజరులో కొట్టి చూసేరు, అక్కడ ఏదైనా ఉండాలన్న నియమమేమీ లేదు. పోల్చడం అక్షరానికి అక్షరం. భద్రత కోసమని ‘హెచ్‌టీటీపీ’ చివర ఒక ‘ఎస్’ తగిలించిన బుద్ధిమంతుడికి అది వేరే పదజాలమైపోతుంది. ఎర్రర్ రాదు, వెతికింది దొరకదు, అంతే.

శాస్త్రం మరో మాట కూడా చెప్పింది. అసలు పేరు ఆ పొడుగుదే. ప్రిఫిక్సు దానికి బదులు నిలబడేది మాత్రమే, ఏదైనా ఒకటే. ఈ మాట అందరూ చదివారు, మనసా వాచా నమ్మింది తమరు. పత్రాన్ని చదివేటప్పుడే రచయిత పెట్టుకున్న ప్రిఫిక్సులన్నీ మరిచిపోతారు. జేమ్స్ క్లార్క్ చూపిన పద్ధతిలో పొడుగు పేరును వంకీ బ్రాకెట్లలో పెట్టి, పక్కన ఎలిమెంటు పేరు అంటించి దాచుకుంటారు. వైరాగ్యమంటే అదీ. తిరిగి రాసేటప్పుడు ప్రిఫిక్సు లేకుండా కుదరదు గదా, అప్పుడు ఎన్ఎస్0, ఎన్ఎస్1, ఎన్ఎస్2 అని వరసగా పంచిపెడతారు. వెనకటికి పల్లెటూరి బడిలో పిల్లాణ్ణి చేర్చే రోజున పంతులుగారు రిజిస్టరులో తనకు తోచిన పేరూ, తనకు వీలైన పుట్టినరోజూ వేసేవారు. ఆ పిల్లాడు ఉద్యోగం చేసి రిటైరయ్యేది కూడా ఆ లెక్క ప్రకారమే. తమరు ఆ పంతులుగారి కంటే నిష్పక్షపాతులు. ఆయన పేరైనా పెట్టేవారు, తమరు నంబరు వేస్తారు.

వర్డ్ ఫైలు మీద తమరి లీల ఒక్కటి పాడుకున్నా జన్మ తరిస్తుంది. డాక్స్ ఫైలంటే జిప్ మూట. విప్పితే అసలు పాఠమంతా ఒక ఎక్స్ఎంఎల్ ఫైల్లో ఉంటుంది. దాని మొదటి ఎలిమెంటు మీద బోలెడు ప్రకటనలు: డబ్ల్యూ, ఎంసీ, డబ్ల్యూ14, డబ్ల్యూ15 వగైరా. వాటి పక్కనే ‘ఎంసీ:ఇగ్నోరబుల్’ అనే ఆట్రిబ్యూటు, దాని విలువ ‘డబ్ల్యూ14 డబ్ల్యూ15’. ఈ ప్రిఫిక్సులవాళ్లు చెప్పేది అర్థం కాకపోతే వదిలెయ్యమని పాత వర్డ్‌కు రాసిన చీటీ అది. ప్రిఫిక్సులు ఇక్కడ పేర్లకు ముందు లేవు, విలువలో మామూలు అక్షరాల్లా కూర్చుని ఉన్నాయి. ఇంతలో ఒక గుమాస్తా ప్రోగ్రాము వచ్చి, ఉత్తరంలో తేదీ ఒక్కటి మార్చి సేవ్ చేసి పెట్టమని తమ కాళ్ల మీద పడుతుంది. తమరు కరుణిస్తారు. డబ్ల్యూ కాస్తా ఎన్ఎస్0 అవుతుంది, ఎంసీకి మరో నంబరు వస్తుంది. ఏ ఎలిమెంటు పేరులోనూ ఏ ఆట్రిబ్యూటు పేరులోనూ కనబడని నేమ్‌స్పేసుల ప్రకటనలు దండగని ఊడ్చేస్తారు, ఇల్లు శుభ్రం. విలువలో ఉన్న ‘డబ్ల్యూ14 డబ్ల్యూ15’ జోలికి మాత్రం పోరు, పరాయి పాఠాన్ని ముట్టుకోకపోవడం తమ నిష్ఠ. ఇప్పుడా చీటీ ఎవరి గురించి రాశారో వారు ఊళ్లోనే లేరు. వర్డ్ తెరవబోయి, ఫైలు చెడిపోయిందని చెప్పి తప్పుకుంటుంది. లోపల తేదీ మాత్రం సలక్షణంగా మారే ఉంటుంది. స్కీమావారి ‘ఎక్స్ఎస్ఐ:టైప్’ విలువలో ‘ఎక్స్ఎస్:స్ట్రింగ్’ అని రాసి ఉన్నా ఇదే ప్రసాదం. ‘ఎక్స్ఎస్’ తమకు ముందే కంఠస్థమైన ప్రిఫిక్సు. అయినా స్వపర భేదం చూపరు, దాని ప్రకటననూ ఊడ్చేస్తారు.

ప్రిఫిక్సు మీద మమకారం చావని పామరుల కోసం పైథాన్ 2.7లోనూ 3.2లోనూ ‘రిజిస్టర్ నేమ్‌స్పేస్’ అనే ఫంక్షను అనుగ్రహించారు. దాని ఔదార్యం చూడండి: ఒక పత్రం కోసం చెప్పుకున్నది ఆ ప్రోగ్రాములో ఉన్న ప్రతి పత్రానికీ వర్తిస్తుంది. పక్క మాడ్యూలువాడు అదే ప్రిఫిక్సును ఇంకో పేరుకు నమోదు చేసుకుంటే మన నమోదు చడీచప్పుడు లేకుండా చెరిగిపోతుంది. ఈ సంగతి డాక్యుమెంటేషన్‌లో దాపరికం లేకుండానే రాసి పెట్టారు, చదవనివాడిది తప్పు. ఎవడైనా అమాయకుడు ‘ఎన్ఎస్0’ అనే ప్రిఫిక్సునే నమోదు చేయబోతే మాత్రం, అది అంతర్గత వాడకానికి కేటాయించినదని ఎర్రరిచ్చి ఆపుతారు. లోకంలోని ప్రిఫిక్సులన్నీ మిథ్య, తమది మాత్రం సత్యం.

స్కోపుల విషయంలో తమది అద్వైతం. రచయిత ఏ మూల గదిలో ప్రకటించుకున్నా అన్నిటినీ తీసుకొచ్చి సింహద్వారం మీద, అంటే రూట్ ఎలిమెంటు మీద, బారులు తీరుస్తారు. ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ పేజీ తమ చేతుల మీదుగా వెళ్తే ‘పీ’ ట్యాగు ‘హెచ్‌టీఎంఎల్:పీ’ అయి తిరిగొస్తుంది. దాన్ని మామూలు హెచ్‌టీఎంఎల్‌గా వడ్డిస్తే బ్రౌజరుకు అందులో ఒక్క పేరా కూడా ఆనదు, వ్యాసమంతా ఒకే ముద్దగా కలిసిపోతుంది.

తమ తోటి దేవతలనూ తలచుకోకపోతే పంక్తిభేదమవుతుంది. జావాలో డాక్యుమెంట్‌బిల్డర్ ఫ్యాక్టరీవారు అసలు నేమ్‌స్పేసులే గుర్తించరు, గుర్తించమని విడిగా విన్నవించుకుంటే తప్ప. విన్నపం అక్కర్లేని మరో దారి తెరిచింది 2019లో, జావా 13తో, తొందరపడని పెద్దమనుషులు. అక్కడే పత్రంలో వెతుక్కోవడానికి ఎక్స్‌పాత్ వాడాలంటే ‘నేమ్‌స్పేస్ కాంటెక్స్ట్’ కావాలంటారు, దానికి మూడు మెథడ్లుండాలంటారు, తయారుగా ఉన్న క్లాసు మాత్రం ఒక్కటీ ఇవ్వరు. యువత కష్టపడి పైకి రావాలన్నదే వారి తపన. మళ్లీ పైథాన్‌కే వస్తే, ఎల్‌ఎక్స్‌ఎంఎల్ వారు ప్రిఫిక్సులు మరిచిపోరు, అంతవరకు గొప్పే. ‘ఎన్ఎస్‌మ్యాప్’ అని ఒక పట్టిక చేతికిస్తారు, డిఫాల్టు నేమ్‌స్పేసుకు ప్రిఫిక్సు ఉండదు గనక ఆ గడిలో ‘నన్’ అని రాసి మరీ ఇస్తారు. అదే పట్టికను భక్తిగా వారి ఎక్స్‌పాత్‌కే సమర్పిస్తే, ఖాళీ ప్రిఫిక్సు ఇక్కడ చెల్లదని తోసిపుచ్చుతారు. పాపం వారినీ అనలేం. 1999 నవంబరు నాటి ఎక్స్‌పాత్ 1.0లో ప్రిఫిక్సు లేని పేరంటే ఏ నేమ్‌స్పేసుకూ చెందని పేరు. పత్రంలో డిఫాల్టు ఎంత ఠీవిగా ప్రకటించినా ఎక్స్‌పాత్ దాన్ని ఎరగనట్టే ఉంటుంది, వెతికితే ఏమీ దొరకదు. డాట్‌నెట్‌లో కొత్తగా చేరిన ఇంజినీర్లందరికీ ఈ ఖాళీ ఫలితమే ఉపనయనం.

సంతకాల ఘట్టం మిగిలింది. టీకొట్టు దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పది రూపాయలు పంపితే, వెనక నడిచే యూపీఐ సందేశం కూడా ‘యూపీఐ’ అనే ప్రిఫిక్సు కట్టుకుని డిజిటల్ సంతకం చేయించుకున్న ఎక్స్ఎంఎల్. సంతకానికి ముందు పత్రాన్ని ఒక ప్రామాణిక రూపానికి తేవాలి. దానికి 2001లో వచ్చిన కెనానికల్ ఎక్స్ఎంఎల్ ఆట్రిబ్యూట్ల వరస మారుస్తుంది, కొటేషన్ గుర్తులు సర్దుతుంది, ప్రిఫిక్సులను మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచుతుంది. అంటే ఒక శాస్త్రం అర్థం లేదన్న ప్రిఫిక్సు మీద ఇంకో శాస్త్రం సంతకం పెట్టించింది. అలాంటి పత్రం తమ సన్నిధికి వచ్చి ఎన్ఎస్0గా బయటికి వెళ్తే ఒక్క అర్థమూ మారదు, సంతకం మాత్రం చెల్లదు. పోనీ ఏ ప్రిఫిక్సూ మార్చకుండా ఆ ముక్కను సందేశాలు మోసే సోప్ (ఎస్ఓఏపీ) కవరులో పెట్టినా, కవరు మీది ప్రకటనలు స్కోపు కొద్దీ లోపలికి దిగి సంతకాన్ని చెడగొడతాయి. దానికి విరుగుడుగా 2002లో ఎక్స్‌క్లూజివ్ పద్ధతి తెచ్చి, కళ్లకు కనబడే ప్రిఫిక్సులే లెక్కలోకి తీసుకోమన్నారు. విలువల్లో దాక్కున్నవి లెక్క తప్పిపోయాయి. వాటి కోసం మళ్లీ ఓ ఆట్రిబ్యూటు పెట్టి, అందులో ప్రిఫిక్సుల జాబితా రాయమన్నారు. ఆ జాబితా కూడా విలువే, అందులోవీ ప్రిఫిక్సులే. పండితుల ఓర్పుకు చేతులెత్తి మొక్కాలి.

ఇక ఫలశ్రుతి. ఈ స్తోత్రం నిత్యం పఠించే ప్రోగ్రామరుకు ఓ శుభోదయాన ‘లోకల్-నేమ్’ అనే ఎక్స్‌పాత్ మంత్రం స్ఫురిస్తుంది. ఎలిమెంట్‌ట్రీ భక్తులకైతే పైథాన్ 3.8 నుంచి వంకీ బ్రాకెట్లలో నక్షత్రం గుర్తు పెడితే చాలు, అదే ఫలం. ఎలిమెంటు ఏ నేమ్‌స్పేసుదైనా పట్టించుకోకుండా పొట్టి పేరుతోనే దొరుకుతుంది. ‘టైటిల్’ అని అడిగితే పుస్తకం టైటిలూ, బొమ్మ టైటిలూ రెండూ కలిసి వస్తాయి, ఎర్రరేమీ రాదు.