‘తెల్లవారులోన తెలుపు నాన్న’: టీకా, తాత్పర్యం, విశేషాలు

అవతారిక

ఎన్టీఆర్ జిల్లా తిరువూరులో మామిడితోట ఉన్న ఒక తండ్రికి, డాలస్‌లో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకు వాట్సాప్‌లో పంపిన పద్యమిది. కాపు అమ్ముకున్నాక అమ్మానాన్నలను అమెరికా రప్పించి, సెప్టెంబరు నడిమధ్యలో గాల్వెస్టన్ రేవు నుంచి ఏడు రాత్రుల క్రూజు ఎక్కించాలని కొడుకు సంకల్పం. జనవరిలోనే గది తీసుకున్నాడు. వద్దనుకుంటే డబ్బు తిరిగి వచ్చే రకం. మార్చిలో అదే ఓడకు ధర పడిపోయింది. పడిపోయిన ధరకు షరతులు మొలిచాయి. అప్పుడు పుట్టింది ఈ పద్యం.

తిరువూరికి సముద్రం లేదు, రైలూ లేదు. కాశీకి వెళ్లాలన్నా కాన్‌సాస్‌కు వెళ్లాలన్నా ముందు ఆర్టీసీ బస్టాండుకే వెళ్లాలి. అలాంటి ఊళ్లో ఓడ పద్యానికి వ్యాఖ్య ఎలా కుదురుతుందని అడగవచ్చు. కుదురుతుంది, ఎందుకంటే పద్యంలో ఓడ ఎక్కడా లేదు. ఉన్నదంతా టికెట్టే.

కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మన కోలాచల మల్లినాథ సూరి, మూలంలో లేనిదీ అక్కరకు రానిదీ రాయనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆయనకు క్రూజు కంపెనీ షరతులు చదివే యోగం పట్టలేదు. అక్కడ అసలు సంగతంతా మూలంలో ఉండదు, చుక్క గుర్తు పెట్టి అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. అందుచేత ఈ వ్యాఖ్యాత ఆ ఒట్టును సగమే పాటిస్తాడు.

మూలం

రేటు తగ్గెనంట రీఫండు లేదంట
పేరు మార్చరాదు పిదపనైన
కొన్న గదిని విడిచి కొత్తది కొందుమా
తెల్లవారులోన తెలుపు నాన్న

ప్రతిపదార్థం

రేటు = ఓడ టికెట్టు ధర. టిప్పులు, ఒడ్డున దిగి తిరిగే ఖర్చులు ఇందులో చేరవని గ్రహించాలి.

తగ్గెను + అంట = తగ్గిందట. కొడుకు కళ్లారా చూసి కూడా ‘అంట’ అన్నాడు. మర్నాటికి ఆ ధర నిలుస్తుందని పూచీ పడే ధైర్యం కవికి లేదు.

రీఫండు లేదంట = కట్టిన డబ్బు తిరిగి రాదట. కొన్ని కంపెనీలు అడ్వాన్సు మాత్రమే మింగుతాయి. కొన్ని తలకింత అని కోసుకుని, మిగిలింది మరో ప్రయాణానికి వాడుకోమంటాయి. కొన్ని మొత్తానికే నమస్కారం పెట్టిస్తాయి. మన ‘లేదంట’ వీటిలో ఏదో చుక్క గుర్తు దగ్గర చూసి తేల్చుకోవాలి.

పేరు మార్చరాదు = నాన్నకు తోట పని తగిలితే ఆ చోట మేనమామను ఎక్కించడానికి వీల్లేదు. ఈ విషయంలో మన రైల్వేయే ఉదారం. రిజర్వేషన్ ఖరారైన టికెట్టును, బండికి 24 గంటల ముందు అర్జీ పెట్టుకుంటే, తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్యాభర్తలు, పిల్లలలో ఒకరి పేరుకు మారుస్తారు. మేనమామకు అక్కడా చోటు లేదు.

పిదపనైన = ఆ తర్వాతైనా సరే. ఎంత బతిమాలినా అని ధ్వని.

కొన్న గదిని = జనవరిలో ఏరి కోరి తీసుకున్న గదిని. అది ఓడ నడుమ, కింది అంతస్తులో ఉంది. ఓడ ఊగేటప్పుడు ముందు కొస, వెనక కొస, పై అంతస్తులు ఎక్కువగా ఊగుతాయి. నడుమ తక్కువ. విజయవాడ బస్సులో మైలవరం రాకముందే నిమ్మకాయ వాసన చూసే అమ్మను తలచుకుని కొడుకు ఆ గది ఎంచాడు. పద్యంలో అమ్మ పేరు లేకపోయినా ఈ ‘గది’లో అమ్మ ఉంది.

విడిచి = రద్దు చేసి. పాత టికెట్టుతో వచ్చిన కానుకలు, అంటే ఓడలో ఖర్చు పెట్టుకోమని ఇచ్చిన డాలర్లు, ఉచిత ప్యాకేజీలు, టికెట్టుతోనే పోతాయి. తగ్గిన ధరలోంచి వీటి విలువ తీసేసి చూడాలి.

కొత్తది = ‘గ్యారంటీ’ గది. గది దొరుకుతుందని మాత్రమే గ్యారంటీ. ఎక్కడ దొరుకుతుందో కంపెనీ ఇష్టం.

కొందుమా = కొందామా. కొడుకు మనసు కొనేవైపే ఉందని ఈ ప్రశ్నార్థకమే చెబుతోంది. వద్దనుకుంటే అసలు అడగడు.

తెల్లవారులోన = తెల్లవారే లోపల. ఎవరి తెల్లవారు? మార్చి రెండో ఆదివారం నుంచి డాలస్‌కూ తిరువూరుకూ తేడా పదిన్నర గంటలు. అక్కడ అర్ధరాత్రి ఆఫరు ముగిస్తే ఇక్కడ ఉదయం పదిన్నర. తోటకు వెళ్లి, పూత చూసి, టిఫిను చేశాక కూడా జవాబివ్వవచ్చు. తొందర కంపెనీదే గాని తండ్రిది కాదు.

తెలుపు నాన్న = నాన్నా, చెప్పు. డబ్బు కొడుకుది, తీర్పు తండ్రిది. రేపు తేడా వస్తే ‘నువ్వే కదా అన్నావు’ అనడానికి దారి ఉంచుకున్నాడని ప్రాచీనులు.

తాత్పర్యం

నాన్నా! ఓడ ధర తగ్గిందట, కానీ డబ్బు తిరిగి రాదట, పేరూ మారదట. చేతిలో ఉన్న గదిని వదులుకుని దాన్ని కొందామా? తెల్లవారేలోగా చెప్పు అని భావం.

విశేషాలు

ఛందస్సు ఆటవెలది. మొదటి పాదంలో రే, రీ అక్షరాలకు యతి కుదిరింది. రేటు పక్కన రీఫండు నిలవనప్పుడు ఛందస్సులోనైనా ఆ రెంటినీ కలిపాడు కవి.

అలంకారం వ్యాజస్తుతి. పొగుడుతున్నట్టు మొదలై దెప్పుతూ ముగుస్తుంది.

సంప్రదాయం: ఈ చౌక ధరల శాఖకు ఆచార్య పీఠం అమెరికన్ ఎయిర్‌లైన్స్. 1985 జనవరిలో ఆ సంస్థ, ముందుగా కొనేవారికి షరతులతో చౌక టికెట్టు ఇచ్చి, షరతులు ఇష్టపడని వ్యాపారస్తుల దగ్గర పూర్తి ధర తీసుకుంది. రాబర్ట్ క్రాండాల్ ఆ ఎత్తుగడకు కర్త. మనసు మార్చుకునే హక్కుకు ధర కట్టవచ్చని లోకానికి నేర్పిన శాఖ ఇది. విమానాల నుంచి హోటళ్లకు, అక్కడి నుంచి ఓడలకు పాకింది.

శంక: రీఫండు లేకపోవడం మనకు కొత్తా? తత్కాల్ లేదా?

సమాధానం: ఉంది, 1997 నుంచీ. కానీ తత్కాల్‌లో ఎక్కువ పెట్టి కొంటాం, రిజర్వేషన్ ఖరారైతే రీఫండు ఉండదు. ఇక్కడ తక్కువ పెట్టి కొంటాం, రీఫండు ఉండదు. అక్కడ చోటు దొరికినందుకు మనం కట్టాలి. ఇక్కడ మన స్వేచ్ఛను కంపెనీ మన దగ్గర కొంటోంది. తగ్గిన మొత్తమే దాని వెల. ఆ వెల చాలునా అన్నదే పద్యంలోని అసలు ప్రశ్న.

శంక: సెప్టెంబరు తుఫాన్ల నెల కదా?

సమాధానం: అవును. అట్లాంటిక్‌లో జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా తుఫాన్ల కాలం. పిల్లలకు స్కూళ్లు కూడా తెరిచేస్తారు. అందుకే అప్పుడు ధరలు దిగుతాయి. తుఫాను వస్తే ఓడ దారి మార్చుకుని, మెక్సికోలోని కొజుమెల్ బదులు మరో రేవు చూపిస్తుంది. ఏ రకం టికెట్టు కొన్నవారికైనా అంతే. కనుక ఈ నిర్ణయంలో తుఫాను లెక్కలోకి రాదు.

శంక: మరి లెక్కలోకి వచ్చేది ఏది?

సమాధానం: మాటవరసకు, ఇద్దరికీ కలిపి మిగిలేది 200 డాలర్లు, ఆగిపోతే పోయేది 1,200 అనుకోండి. ఇలాంటి పందెం ఏడుసార్లు కాసి, ఆరుసార్లు ఓడ ఎక్కి ఒక్కసారి ఆగిపోతే లెక్క సరికి సరి. ఆగే అవకాశం ఏడింట ఒకటి కంటే ఎక్కువైతే చౌకది ఖరీదు. అమ్మకు గది మారే బాధ ఈ లెక్కలో చేరలేదు.

ఇంకొక సూక్ష్మం. తిరిగి వచ్చే రకం కూడా కలకాలం తిరిగి రాదు. పూర్తి డబ్బు కట్టాల్సిన గడువు ఒకటుంటుంది. ఏడు రాత్రుల ప్రయాణానికి సాధారణంగా 90 రోజుల ముందు, అంటే మనవాళ్లకు జూన్ నడుమ. అది దాటాక ఆ టికెట్టు కూడా మెట్లు మెట్లుగా కోతలోకి దిగుతుంది. కాబట్టి రెండు టికెట్లకూ అసలు తేడా ఇవాళ్టి నుంచి జూన్ నడుమ దాకానే. ఆ మూడు నెలల్లో ఏం తేలాలి? ఒక్క వీసా తేలాలి. మేలో హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ ఉంది. అమెరికా వీసా ఉంటే మెక్సికోకు వేరే వీసా అక్కర్లేదు గనుక, మొత్తం ఓడ ఆ ఒక్క ముద్ర మీదే నిలబడింది. తలకు కట్టిన 185 డాలర్ల వీసా ఫీజుకూ రీఫండు లేదు. ఒకే ప్రయాణానికి రెండు చోట్ల నీళ్లొదులుకోవడం గృహస్థ ధర్మం కాదు.

సిద్ధాంతం

వీసా చేతికి రానిదే చౌక టికెట్టు కొనరాదు. ముందు కంపెనీకి ఫోను చేసి, పాత రకంలోనే తగ్గిన ధర ఇవ్వమని అడగాలి. గడువు దాటకముందు చాలా కంపెనీలు ఇస్తాయి. అడిగితే పోయేదేమీ లేదు. ఇవ్వకపోతే ఊరుకోవాలి. మేలో పాస్‌పోర్టు మీద ముద్ర పడ్డాక, అప్పటికీ ధర తక్కువగా ఉంటే, నడుమ గది నంబరు ఇస్తేనే మారాలి. గ్యారంటీ గది వద్దు. తండ్రి పంపాల్సిన జవాబు: ‘వీసా రానీరా, చూద్దాం.’

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్య చదివినవారు రేటు ఎంత తగ్గిందో తర్వాత చూసుకోవచ్చు. మీ టికెట్టులో పూర్తి డబ్బు కట్టాల్సిన గడువు ఏ తేదీనో ముందు చూసుకోండి.