బుల్లెట్టన్నాక కారుద్ది: ఒక సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: "బుల్లెట్టన్నాక కారుద్దండి. కారట్లేదంటే లోపల ఆయిల్ లేనట్టేనండి, ఆయ్."

అవతారిక: కోనసీమలోని అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో పాత బుల్లెట్ ఉన్న ఇళ్ల వీధి అరుగుల మీదా, దానిని బాగుచేసే షెడ్లలోనూ గురుశిష్య పరంపరగా వినబడే ఈ సూత్రానికి కర్త ఎవరో తెలియనందున, దీనిని అపౌరుషేయంగా భావించి ప్రశ్నించకుండా వదిలివేయడం ఆచారమైంది. ప్రతిపదార్థం షెడ్డులో టీ తెచ్చే కుర్రవాడు కూడా చెప్పగలడు కనుక ఇక్కడ విడిచిపెట్టబడింది. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసిన కోలాచలం మల్లినాథసూరి మార్గం శిరోధార్యమే గాని, ఆ మహానుభావుడు మెకానిక్ షెడ్డులో మధ్యాహ్నమంతా విరిగిన స్టూలు మీద కూర్చోలేదు కాబట్టి, ఆయన రెండవ ప్రతిజ్ఞను ఈ వ్యాఖ్య పాటించలేకపోయింది.

పాఠాంతరం: మెకానిక్కుల పాఠం "కారుద్ది". యజమానుల పాఠం "కారాలి". మొదటిది ఉన్న స్థితిని చెప్పే వాక్యం, రెండవది విధి. వేదంలో విధికి తోడుగా వచ్చే ప్రశంసావాక్యాన్ని మీమాంసకులు అర్థవాదం అంటారు; ఇక్కడ యజమాని "అదేనండి దాని రాజసం" అని చేర్చేది అర్థవాదం. అరుగు కింద నల్లగా జిడ్డు పేరుకున్న కొబ్బరిచిప్ప ఒకటి బండి పొట్టకు సరిగ్గా దిగువన పెట్టి ఉండగా, దాని పక్కన నిలబడి ఈ అర్థవాదం పలకడానికి అసామాన్యమైన నిబ్బరం కావాలి.

టీక: ఇక్కడ బుల్లెట్ అంటే, 1955లో మద్రాసులో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా తిరువొత్తియూరులో తయారుచేసిన పోత ఇనుప బోరు గల 346 సీసీ బండి అని గ్రహించాలి. దాని తర్వాత వచ్చిన యూనిట్ ఇంజన్లు ఇక్కడ వివక్షితం కావు. కారడం అంటే ఏమిటో కొబ్బరిచిప్ప చెబుతుంది. ఎక్కడ నుంచి కారుతున్నది అన్నదే ప్రశ్న, శాస్త్రం అవసరపడేది అక్కడే.

షెడ్డులో వినిపించే అనుమానప్రమాణం ఇది: కింద చుక్క ఉంది, కనుక కింది ప్యాకింగ్ పోయింది. అన్నంభట్టు తర్కసంగ్రహం చదివిన విద్యార్థి దీనిని వినగానే లేచి నిలబడతాడు. కొండ మీద పొగ ఉంది కనుక నిప్పు ఉందనడం సద్ధేతువు. నిప్పు ఉంది కనుక పొగ ఉందనడం మాత్రం సవ్యభిచారం, అంటే హేతువు ఉన్నచోట సాధ్యం లేకపోయే దోషం. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉన్నా పొగ ఉండదు, పొగకు తడి కట్టె కూడా కావాలి, ఆ తడి కట్టెకే ఉపాధి అని పేరు. చుక్క విషయంలోనూ ఇంతే. రాకర్లకు ఆయిల్ తీసుకుపోయే సన్నని పైపు, హెడ్డుకు బిగించిన బోల్టు దగ్గర చెమర్చితే, ఆ చెమట ఎదురుగాలికి వెనక్కి జరిగి, రెక్కల మధ్యగా దిగి, క్రాంక్‌కేస్ అంచు పట్టుకుని అన్నిటికంటె కింద ఉన్న బోల్టు కొనన చుక్కవుతుంది. పైభాగం పొడిగా ఉందని తేలితే తప్ప కింది ప్యాకింగ్ మీద నేరం నిలవదు. పైనా కిందా ఒకేసారి కారే బండ్లు కూడా ఉన్నాయి కనుక ఈ ఉపాధి లక్షణం సరిపోదని తార్కికులు ఆక్షేపించవచ్చు. అటువంటి బండ్ల యజమానులు తర్కం చదవరు.

ఇంతకంటె రుచికరమైనది అన్యథాసిద్ధం. కుండ పుట్టడానికి మట్టి, చక్రం, కర్ర, కుమ్మరి కారణాలు. మట్టి మోసిన గాడిద ప్రతి కుండకూ ముందే వాకిట్లో నిలబడి ఉన్నప్పటికీ కారణం కాదు, ఎందుకంటే మట్టి బండి మీద వచ్చినా కుండ పుడుతుంది. ముందు ఉండడం వేరు, కారణం కావడం వేరు అని చెప్పడానికి నైయాయికులు ఆ జంతువును ఇన్ని శతాబ్దాలుగా నిలబెట్టి ఉంచారు. దానికి మేత ఎవరు వేస్తున్నారో ఏ గ్రంథమూ చెప్పదు. కోనసీమ షెడ్లలో ఇప్పుడు ఆ పదవి ప్యాకింగుకు దక్కింది. కారిన ప్రతిసారీ ప్యాకింగ్ మారుస్తారు, మార్చిన ప్రతిసారీ కారుతుంది, అయినా దాని కారణత్వాన్ని ఎవరూ శంకించరు. పైగా రెండు ముఖాలకూ పేస్టు దట్టంగా పూస్తారు. లోపలికి పిండబడిన ఆ పేస్టు తునకలై ఆయిల్ దారులలో అడ్డుపడుతుందని ఎవరైనా అంటే, "ఏం కాదండి" అనే రెండవ సూత్రం వినిపిస్తుంది. దానికి వ్యాఖ్య రాయడం ఎవరి తరమూ కాదు.

శంక: ప్యాకింగ్ కాకపోతే మరేది? సమాధానం: ఈ ఇంజన్ డ్రై సంపు పద్ధతిది, అంటే ఆయిల్ నిలవ ఉండే గది క్రాంకు తిరిగే గదికి వేరుగా, ఒకే పోతలో వెనుకవైపు ఉంటుంది, ఒక పంపు ఆయిల్‌ను ఇంజన్‌కు పంపుతుంది, దానికంటె పెద్దదైన రెండవ పంపు దిగిన ఆయిల్‌ను తిరిగి గదికి చేరుస్తుంది. బండి వారాల తరబడి కదలకుండా నిలిస్తే, అరిగిన మొదటి పంపు గుండా గదిలోని ఆయిల్ మెల్లగా క్రాంకు కిందికి జారిపోతుంది. పండక్కి ఊరొచ్చిన యజమాని డిప్‌స్టిక్ తీసి, తక్కువగా ఉందని కంగారుపడి మరింత పోస్తాడు. కిక్కు కొట్టగానే రెండవ పంపు జారిన ఆయిల్‌నంతా వెనక్కి తోడుతుంది, గది నిండి పొంగుతుంది, మిగులు బ్రీదర్ పైపు గుండా రోడ్డు మీద పడుతుంది. పోసినది కారింది. పోసినవాడే "బుల్లెట్టన్నాక కారుద్ది" అంటాడు. పిస్టన్ దిగిన ప్రతిసారీ కింది గదిలోని గాలిని 346 సీసీల మేర నొక్కుతుంది కనుక, బ్రీదర్ రబ్బరు గట్టిపడి మూసుకున్నా, రింగులు అరిగి పొగ కిందికి దిగినా, ఆ ఒత్తిడికి ఏ అతుకైనా చెమర్చుతుంది. అక్కడ ఎన్ని ప్యాకింగులు మార్చినా అది గాడిదను మార్చడమే.

పరిహారం: ముందు కడగాలి. ఇది చెప్పడానికి సిగ్గుపడవలసినంత సులభం, షెడ్డులో ఎవరూ చేయనంత కష్టం. కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, ముఖానికి రాసే పౌడరు ఇంజన్ అంతటా చల్లి, అంబాజీపేట దాకా వెళ్లి వచ్చి చూస్తే, తెల్లని పూతలో మొదటి నల్లగీత ఏ ఎత్తున మొదలైందో అదే స్థానం. పైపు బోల్టు దగ్గరైతే రాగి వాషర్‌ను ఎర్రగా కాల్చి చల్లార్చి మెత్తబరిచి వేయాలి, లేదా కొత్తది వేయాలి. టాపెట్ మూతకూ, ప్రైమరీ చైను మూతకూ ఒక్కొక్క నట్టే ఉంటుంది కనుక, కారుతున్నదన్న కోపంతో పొడుగు పానా వేసి బిగిస్తే మూత వంగి, చెమట ధార అవుతుంది.

హాస్యానికి లొంగనిది ఒకటి మిగిలింది. ఈ బండ్లను పంటకాలువ రేవులలో కడుగుతారు, మార్చిన పాత ఆయిల్‌ను ఆ గట్టు మీదే ఒంపుతారు. ఇంద్రధనుస్సు రంగులలో పరచుకునే ఆ పొర కిందికి సాగి, భూగర్భజలం ఉప్పగా ఉన్న సముద్రతీర గ్రామాల మంచినీటి చెరువుల దాకా పోతుంది. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి ఎగదన్ని రెండు నెలలకు పైగా మండడం కళ్లారా చూసి, అప్పుడు దానిని తవ్విన ప్రభుత్వ సంస్థను తిట్టిన నోళ్లే, తమ ఇంటి కారుడును రాజసమనడం ఏ అలంకారమో లక్షణకారులు నిర్ణయించాలి.

తాత్పర్యం: బండిని కొన్ని నిమిషాలు నడిపి ఆపి, వెంటనే కొలిచి, తక్కువైతేనే ఆయిల్ పోయాలి, పాత ఆయిల్‌ను డబ్బాలో పట్టి దానిని కొనేవారికి ఇవ్వాలి, కాలువలో పోయకూడదు.