పది కిలోల మోక్షం

స్పోర్ట్స్ కారు కొన్న మనిషికి మొదటి నెలలో హారన్ మీద కన్ను పడుతుంది, రెండో నెలలో సైలెన్సర్ మీద, మూడో నెల తిరిగేసరికి బ్యాటరీ మీద. అంతవరకూ బానెట్ కింద ఓ మూల కూర్చుని, ఎవరి జోలికీ పోకుండా, పొద్దున్నే తాళం తిప్పగానే తన పని తాను చేసుకుపోయిన ఆ సీసపు పెట్టె ఉన్నట్టుండి ద్రోహి అయిపోతుంది. "పదహారు కిలోలన్నా! ముక్కు మీద పదహారు కిలోలు మోస్తోంది పాపం" అని కారు తరఫున యజమాని కంట తడి పెడతాడు. తన పొట్ట స్టీరింగుకు ఆనుకుని ఉన్న సంగతి ఆ క్షణంలో గుర్తుకు రాదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడడమంటే ఇదే.

ఈ భక్తుడి కారు తిరిగేది ఏ జర్మనీ రహదారి మీదో కాదు. చెన్నై నుంచి తిరుపతికి పోయే దారి మీద. తిరునిన్రవూరు, తిరువళ్లూరు, కనకమ్మ సత్రం, తిరుత్తణి, ఆ పైన నగరి. చెరకు కోతల కాలంలో తిరువాలంగాడు మిల్లుకు పోయే ట్రాక్టర్లు రోడ్డంతా తమదే అన్నట్టు పోతుంటాయి. ట్రెయిలర్‌కు రెండు పక్కలా చెరకు ఆకులు వేలాడుతుంటాయి, ఎదురుగా బస్సు వస్తుంటుంది, పక్కన మట్టి అంచు మీద స్కూటర్. ఆ ట్రాక్టర్ వెనక పోర్షే అయినా ఒకటే, పాత మారుతి అయినా ఒకటే, పాతిక మించదు వేగం. మనవాడి కారు కూడా ఆ వరుసలోనే ఉంటుంది. చూసేవాళ్లకు తెలియదు గానీ, అది పది కిలోల తేలిక.

అయినా ఈ తిరువళ్లూరు జిల్లాను మరీ తీసిపారేయకూడదు. రేసు కారు అంటే ఏమిటో ఇక్కడి నేలకు బాగా తెలుసు. ఇక్కడి షోళవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద, 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు ఏళ్ల తరబడి పందేలు నడిపింది. విజయ్ మాల్యా అప్పులకు కాకుండా వేగానికి పేరు మోసిన రోజుల్లో అక్కడ ఫార్ములా వన్ కారు తోలాడు. మారుతి 800 ఇంజనుతో ఫార్ములా మారుతి కార్లు తయారుచేసిన కోయంబత్తూరు కరివర్ధన్‌ను ఆ తరంవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. తర్వాత 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాక్ వచ్చింది. పందెం కారులో బరువు తగ్గించడానికి ఒక క్రమం ఉంటుంది. ముందు వెనక సీట్లు ఊడతాయి, తర్వాత తివాచీ, ఏసీ, పాటల పెట్టె, తలుపుల లోపలి అట్టలు. డ్రైవరు కూడా రాత్రి భోజనం తగ్గిస్తాడు. ఇంకేమీ మిగలనప్పుడు బ్యాటరీ దగ్గరికి వస్తారు. మనవాడు మాత్రం ఏసీ ఉంచాడు, తోలు సీట్లు ఉంచాడు, డిక్కీ నిండా వూఫర్ పెట్టించాడు, ఆ తర్వాతే బ్యాటరీ బరువు గురించి బెంగ పెట్టుకున్నాడు.

బ్యాటరీని ముందు నుంచి వెనక్కి మార్చే బాపతు ఒకటుంది. దీనికి తిరువళ్లూరులో చుట్టరికమే ఉంది. హిందుస్థాన్ మోటార్స్ 1998లో మిత్సుబిషి లాన్సర్‌ను తయారుచేసింది ఇక్కడే. ఆ లాన్సర్‌కు జపానులో ఒక దాయాది ఉండేది, ఎవల్యూషన్. దాని పదో అవతారం 2007లో వచ్చినప్పుడు బ్యాటరీనీ, అద్దం కడిగే నీళ్ల డబ్బానూ బానెట్ కింద నుంచి తీసి డిక్కీలో పెట్టారు. ముక్కు బరువైన కారు మలుపులో బయటికి జారిపోకుండా కొంత బరువును వెనక చక్రాల మీదికి తెచ్చే ఏర్పాటు అది. మాజ్డా మియాటా 1989లోనే బ్యాటరీని డిక్కీలో పెట్టుకుని పుట్టింది. కారు గీసినప్పుడే వేసుకున్న లెక్కలవి. బరువు తగ్గడానికి కాదు, సర్దడానికి.

సర్దడం, తగ్గడం ఒకటే అనుకున్నవాడి కథ ఇలా నడుస్తుంది. స్టార్టర్ మోటారు గుంజే కరెంటుకు సన్న తీగ సరిపోదు. 50 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ కావాలి. అది మీటరుకు దాదాపు 450 గ్రాములు, పైన తొడుగు అదనం. డిక్కీ నుంచి ఇంజను దాకా నాలుగున్నర మీటర్లంటే రాగి ఒక్కటే రెండు కిలోలు. దానికి బ్యాటరీ పెట్టె, పట్టీలు, ఫ్యూజు, బోల్టులు. మొత్తం కలిపితే కారు మునుపటికన్నా మూడు, నాలుగు కిలోలు బరువెక్కుతుంది. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట.

ఇంత చేశాక నవ్వు ఆగిపోయే చోటు ఒకటుంది. సీసం బ్యాటరీ చార్జి అవుతూ హైడ్రోజన్ వదులుతుంది. బానెట్ కింద అది గాలిలో కలిసిపోతుంది. మూసిన డిక్కీలో పోగుపడుతుంది. బయటికి గొట్టం పెట్టాలి, పెట్టరు. బ్యాటరీ పక్కనే పెద్ద ఫ్యూజు వెయ్యాలి, "ఎందుకన్నా దండగ" అంటారు. తీగను సీటు కింద నుంచి లాగుతారు. అక్కడ రేకు అంచుకు తగిలి తొడుగు అరిగి, ఏ స్పీడు బ్రేకరు మీదో రాగి ఇనుముకు తాకితే, అప్పుడు కారు నిజంగానే చాలా తేలికవుతుంది. బూడిద ఎంత తూగుతుంది గనక!

రెండో బాపతు డబ్బున్నవాళ్లది. సీసం తీసేసి లిథియం పెట్టడం. దీనికి శాస్త్రోక్తమైన ఆధారం కూడా ఉంది. 2010లో పోర్షే తన 911 జీటీ3 లాంటి కార్లకు లిథియం స్టార్టర్ బ్యాటరీని అదనపు సరుకుగా అమ్మకానికి పెట్టింది. బరువు ఆరు కిలోల లోపే. మామూలు 60 ఆంపియర్ అవర్ బ్యాటరీ కన్నా పది కిలోలకు పైగా తక్కువ. జర్మనీలో ధర 1,904 యూరోలు, అంటే తగ్గిన ఒక్కో కిలోకూ 190 యూరోలు. లేనిదాన్ని కిలోల లెక్కన అమ్మడం వ్యాపారంలో పరాకాష్ఠ. ఆ జీటీ3 బరువు 1,395 కిలోలు, సున్నా నుంచి వందకు 4.1 సెకన్లు. డ్రైవరును కూడా కలుపుకుని లెక్క వేస్తే పది కిలోలు ఏడు వెయ్యో వంతులు. మిగిలేది సెకనులో మూడు వందో వంతుల లోపు. రెప్పపాటులో మూడో వంతు కూడా కాదు. పందెంలో ఆ తేడా పతకం తెస్తుంది, కాదనను. కనకమ్మ సత్రం దగ్గర అది ఏం తెస్తుందో ఎంత ఆలోచించినా తేలడం లేదు.

పది కిలోలు తగ్గించుకోవాలంటే పైసా ఖర్చు లేని దారి ఉంది. లీటరు పెట్రోలు ముప్పాతిక కిలో దాకా తూగుతుంది. పద్నాలుగు లీటర్లు తక్కువ పోయించుకుంటే పని అయిపోయింది. ఈ మాట చెబితే మనవాడి మొహం వాడిపోతుంది. ఖర్చు కాని తేలిక తేలికే కాదు అతని దృష్టిలో.

తేలిక బ్యాటరీకి చాకిరీ మాత్రం ఎక్కువ. ఇప్పటి కార్లు నిద్రలో కూడా కరెంటు తాగుతాయి, అలారానికి, కంప్యూటరుకు. 50 మిల్లీ ఆంపియర్లు అనుకుందాం. పోర్షే బ్యాటరీ పేరుకు 18 ఆంపియర్ అవర్లు. పదిహేను రోజులు గుడ్డ కప్పి ఉంచితే ఖాళీ. స్పోర్ట్స్ కార్ల బతుకే గుడ్డ కింద కదా! అందుకని ఇంట్లో దానికొక చార్జరు, ఎప్పుడూ తగిలించి, ఆస్పత్రి మంచం మీద సెలైన్ ఎక్కుతున్న మనిషిలా. ఎండ సంగతి వేరే. మే నెలలో తిరుత్తణి నలభై దాటిందని వార్త రాని ఏడు తక్కువ. బానెట్ కింద ఇంజను సెగ దానికి తోడు. చాలా లిథియం బ్యాటరీలకు 60 డిగ్రీలు దాటితే ఒప్పదు. లోపలి కాపలా సర్క్యూటు మీట నొక్కేసి నిద్రపోతుంది. తిరుత్తణి కొండ మీద కారు ఆపుకుని స్వామి దర్శనం చేసుకుని వచ్చేసరికి తాళం తిప్పితే చప్పుడుండదు. అదే కొండకు ఆడి కృత్తికనాడు జనం భుజాల మీద కావళ్లు మోసుకుంటూ 365 మెట్లూ ఎక్కుతారు. బరువు మొక్కుకున్నవాళ్లు ఎక్కేస్తుంటే, బరువు వదిలించుకున్నవాడు కారు తొయ్యడానికి మనుషుల్ని పిలుస్తుంటాడు.

లిథియం మీద నాకు పగ లేదు. ఈ రోడ్డు పట్టుకునే నగరి, పుత్తూరు మీదుగా రేణిగుంట చేరితే, ఆ దాపునే కరకంబాడి. 1985లో గల్లా రామచంద్ర నాయుడు పెట్టిన అమరరాజా కంపెనీ అక్కడ సీసం బ్యాటరీలతోనే ఎదిగింది. అదే కంపెనీ 2023లో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం సెల్‌ల ఫ్యాక్టరీకి పునాది వేసింది. రోజంతా కరెంటు మీదే నడిచే ఆటోకు లిథియం అన్నం. పొద్దున ఒక్కసారి తాళం తిప్పడానికి వాడే కారుకు మెడలో గొలుసు.

తిరువళ్లూరు షెడ్డులో ఒక పని జరుగుతుంటే చూశాను. మెకానిక్ కొత్త లిథియం పెట్టెను వేలికి తగిలించుకుని ఊపుతూ తెచ్చాడు. యజమాని ముఖం వెలిగిపోయింది. పాతది తీసి నేల మీద పెట్టారు. పాత బ్యాటరీకి సీసం ధర వస్తుంది కాబట్టి మెకానిక్ కళ్లు దాని మీదే ఉన్నాయి.

"ఇది ఇక్కడే వదిలేస్తారా సార్?"

"వద్దప్పా, డిక్కీలో పెట్టు. దారిలో కొత్తది మొరాయిస్తే?"

మెకానిక్ ఏమీ అనలేదు. పాత బ్యాటరీ డిక్కీలోకి ఎక్కింది, పక్కనే దాన్ని తగిలించుకునే రెండు లావుపాటి తీగలు, పై నుంచి చార్జరు. పోర్షే కూడా కారుతో పాటు పాత రకం బ్యాటరీని విడిగా ఇచ్చేది, చలికాలానికి. కాకపోతే అది ఇంట్లో ఉంచుకోమని.

బ్యాటరీ పని ముగిసింది గనక ఇప్పుడాయన చక్రాల నట్ల మీద పడ్డాడు. టైటానియంవి వేస్తే అన్నీ కలిపి అరకిలో దాకా తగ్గుతుందట. వాటికి వేరే పానా కావాలి. అదీ డిక్కీలోనే.