కాలనీకో అప్పాజీ

ప్రతి కాలనీలోనూ ఒక అప్పాజీ ఉంటాడు. ఆధార్ కార్డులో ఏ పేరున్నా సరే, జనం ఆయన వెనక పిలుచుకునే పేరు అదే. ఎదురుగా పిలిచినా ఏమీ అనుకోడు. పైగా మురిసిపోయి, భుజం మీది శాలువా ఒకసారి సవరించుకుంటాడు.

ఆయన్ని గుర్తుపట్టడం కష్టమేం కాదు. వయసు డెబ్భైకి అటూ ఇటూగా ఉంటుంది. మే నెల ఎండలోనూ ఆ శాలువా దిగదు. నిలబడ్డాడంటే ఎడమ చెయ్యి దానంతటదే నడుం మీదికి పోతుంది, అక్కడేదో ఒర వేలాడుతున్నట్టు. కుడిచేతిలో కూరగాయల సంచి, అందులోంచి ఆనపకాయ తొంగిచూస్తున్నా ఆ భంగిమ చెదరదు. కాఫీ కావాలంటే పడక్కుర్చీలోంచి "ఎవరక్కడ?" అంటాడు. "ఎవరూ లేరు. పాలు పొయ్యి మీదున్నాయి, వచ్చి కలుపుకోండి" అని లోపల్నించి మహారాణివారి ఆజ్ఞ వెలువడుతుంది. ప్రభువులు లేచి వంటింట్లోకి నడుస్తారు.

అప్పాజీ చారిత్రక చిత్రాల మనిషి. పౌరాణికాల మనిషి వేరు, జానపదాల మనిషి వేరు. పౌరాణికాల ఆయనకు నాలుగు పద్యాలు రాగయుక్తంగా వస్తే చాలు, తృప్తి పడతాడు. జానపదాల ఆయనకు మాంత్రికుడూ, గుహా ఉంటే చాలు, నిజమా అబద్ధమా అన్న బెంగే ఉండదు. చారిత్రకాల మనిషితోనే చిక్కు. ఆయన చూసింది సినిమా కాదు, జరిగిన సంగతి! "ఇది కల్పన కాదయ్యా, చరిత్ర" అన్నది ఆయన ఊతపదం. 1964లో 'బొబ్బిలి యుద్ధం' వచ్చినప్పుడు పదేళ్ల కుర్రాడిగా టూరింగ్ టాకీసులో నేల మీద కూర్చుని చూశాడు. తాండ్ర పాపారాయుడుగా ఎస్వీ రంగారావు కత్తి దూసిన ఆ రాత్రి నుంచి ఆయనకు చరిత్ర పుస్తకాల అవసరం తీరిపోయింది.

మధ్యయుగం అంటే ఆయన లెక్క వేరు. అది పదకొండో శతాబ్దంలో, రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి దగ్గర మొదలవుతుంది. 1982లో ఎన్టీ రామారావు పార్టీ పెట్టడంతో ముగుస్తుంది. బొబ్బిలి కోట కూలింది 1757 జనవరిలో కదా, అదే ఏడాది జూన్‌లో ప్లాసీ యుద్ధం జరిగింది కదా, అది మధ్యయుగం ఎలా అవుతుందండీ అని మా వీధిలో రిటైరైన సోషల్ మాస్టారు ఒకసారి అడిగారు. "కత్తులున్నాయా లేవా?" అన్నాడు అప్పాజీ. మాస్టారు మళ్లీ మాట్లాడలేదు.

ఇక చరిత్రకు మొహాలుంటాయి కదా. అప్పాజీ దగ్గర అవన్నీ తయారుగా ఉన్నాయి. శ్రీకృష్ణదేవరాయలంటే రామారావే. 1956లో 'తెనాలి రామకృష్ణ'లో రాయలు ఆయనే, 1962లో 'మహామంత్రి తిమ్మరుసు'లోనూ ఆయనే. అంతకు ముందు 1951 నాటి 'మల్లీశ్వరి' ఒకటి అడ్డొస్తుంది. అందులో రామారావు రాళ్లు చెక్కుకునే నాగరాజు, రాయలవారి వేషం శ్రీవాత్సవది. దీన్ని మాత్రం అప్పాజీ ఈనాటికీ జీర్ణించుకోలేదు. "రాయలవారు మారువేషంలో శిల్పాలు చెక్కుతుంటే, సింహాసనం మీద ఎవరో వచ్చి కూర్చున్నారు" అంటాడు.

ఒకసారి కాలనీ వాళ్లమంతా బస్సు మాట్లాడుకుని తిరుమల వెళ్లాం. మహాద్వారం దాటాక మండపంలో రాయలవారి కంచు విగ్రహం ఉంటుంది. అటు తిరుమలదేవి, ఇటు చిన్నాదేవి, మధ్యన పొడుగాటి కుళ్లాయితో చేతులు జోడించి నిలబడ్డ రాయలు. ఆయన బతికుండగానే చేయించిన రూపం కాబట్టి అంతకంటే దగ్గరి సాక్ష్యం మనకు దొరకదు. క్యూలో తోసుకుంటూ పోతున్నవాళ్లం కదా, నేను మెల్లగా చూపించాను. అప్పాజీ ఆగాడు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. వెనక జనం "జరగండి, జరగండి" అంటున్నారు. విగ్రహాన్ని కింది నుంచి పైదాకా, పై నుంచి కిందిదాకా చూసి, "పోలిక రాలేదు" అని తేల్చి ముందుకు కదిలాడు. పోలిక రామారావుతో! నేను ఊరుకోక, రాయలను కళ్లారా చూసిన పేస్ అనే పోర్చుగీసు ఆయన, రాజుగారు మధ్యస్థమైన ఎత్తు, కాస్త స్థూలకాయం, మొహం మీద స్ఫోటకం మచ్చలు అని రాసిపెట్టాడని చెప్పాను. కొండ దిగేదాకా నాతో మాట్లాడలేదు. అలిపిరి దగ్గర మాత్రం, "పరాయి దేశంవాడు, అసూయ ఉండదూ?" అన్నాడు.

హంపీలోనూ ఇదే వరస. అక్కడ గుళ్లు రాతివి కాబట్టి నిలిచాయి, రాజభవనాల పై అంతస్తులు కలపవి కాబట్టి 1565 తర్వాతి విధ్వంసంలో పోయాయి. మిగిలింది పీఠాలే. ఆ పీఠం మీద ఎండలో నిలబడి అప్పాజీ నాలుగు దిక్కులా కలయజూశాడు. "దర్బారు ఏదీ?" అన్నాడు. పోయిందండీ అన్నాను. "వాహినీ వాళ్లు మద్రాసులో ఇంతకంటే బాగా కట్టారు" అని పెదవి విరిచాడు. ఆ ఒక్క మాటా నిజానికి తీసిపారేయలేం. 'మల్లీశ్వరి'కి ఏకే శేఖర్ వేసిన సెట్లు చూసినవాళ్లకు హంపీ కొంచెం బోసిగానే కనబడుతుంది.

నటుల వయసులూ వరసలూ ఆయన్ని ఏమాత్రం ఇబ్బంది పెట్టవు. భానుమతినే తీసుకోండి. 'మల్లీశ్వరి'లో రామారావు మరదలు, ప్రాణం. 1957లో 'సారంగధర'కు వచ్చేసరికి అదే రామారావు మీద మనసుపడి ప్రాణం మీదికి తెచ్చిన సవతి తల్లి చిత్రాంగి. 'బొబ్బిలి యుద్ధం'లో ధర్మపత్ని మల్లమ్మ. 1966 నాటి 'పల్నాటి యుద్ధం'లో రామారావు బ్రహ్మనాయుడైతే ఆవిడ నాయకురాలు నాగమ్మ, బద్ధశత్రువు. పదిహేనేళ్లలో ఒక మనిషితో ఇన్ని బంధుత్వాలు మామూలు సంసారాల్లో పొసగవు. అప్పాజీకి మాత్రం అవన్నీ వేరు వేరు శతాబ్దాలు. గుమ్మడి సంగతీ అంతే. తిమ్మరుసుగా తెల్లగడ్డంతో, "అప్పాజీ" అని రాయలచేత పిలిపించుకున్నప్పుడు గుమ్మడికి నిండా ముప్ఫై అయిదేళ్లు. ఆయన పుట్టింది 1927లో, రామారావు 1923లో. కొడుకులాంటి రాయలు తండ్రిలాంటి మంత్రికంటే నాలుగేళ్లు పెద్ద! ఈ మాట చెబితే అప్పాజీ, "గుమ్మడి పుట్టుకతోనే పెద్దమనిషి" అన్నాడు. ఇందులోనూ నాకు తప్పు దొరకలేదు.

అప్పాజీ అన్న పేరు ఎలా స్థిరపడిందో చెప్పాలి. ప్రభుత్వాఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైన ప్రతి మనిషీ లోలోపల తిమ్మరుసే. తాను చేయిపట్టి నడిపిస్తేనే నిన్నటి కుర్రకుంక ఇవాళ ఆఫీసరయ్యాడు. తాను లేకపోతే ఆ ఫైలు కదిలేదా? ఆ గండం గడిచేదా? చివరికి ఏమిచ్చారు? ఒక శాలువా, ఒక గోడగడియారం. తిమ్మరుసుకు కళ్లు తీయించారని న్యూనిజ్ అనే మరో పోర్చుగీసు గుర్రాల వ్యాపారి రాశాడు. మనవాడికి గ్రాట్యుయిటీలో కోత పెట్టారు. బాధ ఒకటే, మోతాదే తేడా. అందుకే 'మహామంత్రి తిమ్మరుసు' యూట్యూబులో పెట్టుకున్నప్పుడల్లా మహామంత్రికి శిక్ష పడే ఘట్టం దగ్గర అప్పాజీకి గొంతు పూడుకుపోతుంది.

మొన్న నేను వెళ్లేసరికి సరిగ్గా అక్కడే ఉన్నాడు. ఫోన్ చెంబుకు ఆనించి, కుర్చీలో ముందుకు వంగి చూస్తున్నాడు. నన్ను చూసి చేత్తోనే కూర్చోమని సైగ చేశాడు. కంట నీరు తిరుగుతోంది. దోషి అని ముద్రపడ్డ వృద్ధమంత్రి తల ఎత్తి రాజు వైపు చూశాడు. అంతే, తెర మీద ఒక చలాకీ అమ్మాయి ప్రత్యక్షమై, ఒక కళ్లజోడు కొంటే ఇంకోటి ఉచితం అంది. అప్పాజీ వేలితో తెరను పొడిచాడు. ఆ వేలు ఎక్కడ తగిలిందో, ఫోన్ తిన్నగా దుకాణానికి తీసుకుపోయి, పవర్ ఎంతో చెప్పమంది. "గజపతుల కుట్ర ఇది" అన్నాడు మహామంత్రి, కన్నీళ్లు తుడుచుకుంటూ.

ఇంట్లో మంత్రాంగం చెల్లకపోతే రాజ్యం బయట వెతుక్కోవాలి కదా. మా అపార్ట్‌మెంటు సంఘానికి ఎన్నికలొచ్చాయి. పార్కింగులో గీత ఎక్కడ గీయాలన్నది వివాదం. అప్పాజీ వెంటనే దాన్ని పల్నాటి యుద్ధంగా ప్రకటించాడు. ఎ-బ్లాకు మాచర్ల, బి-బ్లాకు గురజాల. సెక్రటరీ నలగామరాజు. లిఫ్టు మరమ్మతు డబ్బుకు లెక్కలు చూపమన్న లెక్కల టీచరమ్మ సహజంగానే నాగమ్మ. ఆవిడ ఈ సంగతి విని కోప్పడలేదు సరికదా, మీటింగులో లేచి, "బాబాయిగారూ, పన్నెండో శతాబ్దంలో మంత్రిగిరీ చేసిన ఆడమనిషి పేరు పెట్టారు, సంతోషం. ఆ వేషం కన్నాంబ, భానుమతి వేశారు, ఇంకా సంతోషం. ఇప్పుడు ఓచర్లు చూపించండి" అంది. అప్పాజీ దగ్గర ఓచర్లు లేవు, రాయబారం ఉంది. పల్నాటి కథలో రాయబారానికి వెళ్లిన అలరాజులాగా తన మనవణ్ణి బి-బ్లాకుకు పంపాడు. వాడు అక్కడ క్రికెట్ ఆడి రాత్రి ఎనిమిదింటికి తిరిగొచ్చాడు. అలరాజుకు ఆపాటి అదృష్టం లేకపోయింది.

ఇదే మనిషి కొత్త సినిమాల దగ్గర మాత్రం నిప్పులు తొక్కుతాడు. 2015లో 'రుద్రమదేవి'కి మనవడు పట్టుబట్టి తీసుకెళ్లాడు. కోటలు కంప్యూటర్లో కట్టారన్న కోపం సగం. మిగతా సగం గోన గన్నారెడ్డి తెలంగాణ మాట మాట్లాడాడని. "చారిత్రక పురుషుడికి యాసేమిటి?" అని ఇంటికొచ్చి చిందులేశాడు. ఓరుగల్లు చుట్టుపక్కల గుర్రమెక్కి తిరిగినవాడు ఆ నేల మాట కాక, కోడంబాకం సంభాషణల రచయిత రాసిచ్చిన మాట మాట్లాడతాడా? ఈ ఒక్క విషయంలో నేను మనవడి పక్షం. అప్పాజీ చెవికి రాజన్నవాడు గ్రాంథికంలోనే తుమ్మాలి.

ఈయన మీద నాకున్న అసలు ఫిర్యాదు ఇది కాదు. ఆ సినిమాల్లో కిరీటం రంగు, సంభాషణ, ఎవరి గుర్రం ఎటు తిరిగింది, అన్నీ గుర్తే. ఆ సినిమా చెప్పిన మాట ఒక్కటే గుర్తుండదు. పల్నాటి కథలో బ్రహ్మనాయుడు గొప్పవాడైంది కత్తి వల్ల కాదు, చాపకూడు వల్ల. అన్ని కులాలవాళ్లనూ ఒక్క చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడు. మాల కన్నమదాసును కొడుకుగా చూసుకుని సేనాపతిని చేశాడు. 1938లో 'మాలపిల్ల' తీసిన గూడవల్లి రామబ్రహ్మం ఈ కథనే ఎంచుకోవడం ఊరికే జరిగింది కాదు. ఆ సినిమా పూర్తికాకుండానే ఆయన కన్నుమూస్తే ఎల్వీ ప్రసాద్ పూర్తిచేశారు, 1947లో విడుదలైంది. గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడు, అక్కినేని బాలచంద్రుడు.

పోయిన కార్తీకంలో అప్పాజీ వనభోజనాల్లో చాపకూడు మీద ఉపన్యాసం ఇచ్చాడు. ముప్పావుగంట సాగింది, నేనూ విన్నాను. బ్రహ్మనాయుడి పేరెత్తినప్పుడు గొంతు గద్గదమైంది, చప్పట్లు మోగాయి. మామిడితోటలో ఉసిరిచెట్టు కింద మైకు పెట్టించిన ఆ సభ ఆయన కులసంఘంవారి వనభోజనాలు. బయటి మనిషిని నేనొక్కణ్ణే, అదీ కారు నడిపే వాళ్లు దొరక్క తీసుకెళ్లాడు. ఉపన్యాసం ముగించి చెమట తుడుచుకుని, సంచిలోంచి తన స్టీలు పళ్లెం తీసుకున్నాడు. ఇంకొకరు తిన్న పళ్లెంలో ఆయన తినడు, ఎంత కడిగినా. పక్క తోటలో ఇంకో సంఘంవాళ్ల మైకు కూడా వినబడుతూనే ఉంది. అక్కడ మరో అప్పాజీ, శ్రీకృష్ణదేవరాయలు తమవాడేనని రుజువు చేస్తున్నాడు. మన అప్పాజీ ముద్ద నోటి దగ్గర ఆపి, "అబద్ధం, రాయలు మనవాడు" అన్నాడు. పల్నాడు మళ్లీ ఎక్కడ రాజుకుంటుందోనని నేను పెరుగన్నం తొందరగా ముగించాను.

మీ కాలనీ అప్పాజీ కూడా ఇంతకు భిన్నంగా ఉంటాడనుకోను. మంచివాడే, పిల్లలకు కథలు చెబుతాడు, ఎవరింట్లో కష్టమొచ్చినా ముందు వెళ్లి నిలబడతాడు. కాబట్టి ఒక మనవి. కార్తీక అమావాస్యకు పల్నాడులోని కారెంపూడిలో వీరారాధన ఉత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులు. మందపోరు నాడు చాపకూడు జరుగుతుంది. అప్పాజీని ఆ రోజుకి అక్కడికి తీసుకెళ్లండి, శాలువా కప్పుకోనివ్వండి, నడుం మీద చెయ్యి పెట్టుకోనివ్వండి. స్టీలు పళ్లెం మాత్రం సంచిలో లేకుండా బయల్దేరే ముందే చూసుకోండి.